ఒక జత బుట్టలకు ఎన్ని గంటలు?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. అమ్మమ్మ, అమ్మ ఇద్దరూ లేసు అల్లినవాళ్లే. ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, లేసు తూచి తీసుకెళ్లేవాడు. నాకు ఎనిమిదేళ్లప్పుడే చేతికి సూది వచ్చింది. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చాం, నిజాంపేటలో ఉంటున్నాం. రెండేళ్లుగా అదే అల్లికతో చెవి బుట్టలు, మెడ పట్టీలు, జడ క్లిప్పులు చేసి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నాను. బుట్టలు జత 250. ఖర్చు చూస్తే దారం 15, పూసలు 12, కొక్కేలు 8, డబ్బా 10, మొత్తం 45 రూపాయలు. పిల్లలు తొమ్మిదిన్నరకు పడుకున్నాక మొదలుపెడితే ఒక జత అయ్యేసరికి పన్నెండవుతుంది.

ఈమధ్య ఒక బొటిక్ వాళ్లు 50 జతలు అడిగారు. జతకు 120 ఇస్తారట, వాళ్లు 650కి అమ్ముకుంటారట. మూడు వారాల్లో కావాలి, డబ్బు మాత్రం అమ్ముడయ్యాక. మా వారు "ఊళ్లో ఆడవాళ్ల చేత జతకు 40 ఇచ్చి అల్లించు, నీకూ మిగులుతుంది, టైంపాస్ పని కాస్తా బిజినెస్ అవుతుంది" అంటున్నారు. అమ్మనడిగితే ఏమీ మాట్లాడలేదు. ఇంకోపక్క నా డిజైన్లను రెండు పేజీలవాళ్లు ఉన్నవున్నట్టు దించేశారు. మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌కి 12 జతలు కావాలని, "దారం డబ్బులిస్తాలే వదినా" అంటోంది. పైగా ఒకామె కొక్కేలకు చెవి దురద పెట్టిందని మెసేజ్ పెట్టింది. ఏది ముందు తేల్చుకోవాలో తెలియడం లేదు.
ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పూసలకు 12, డబ్బాకు 10 అని పైసలతో సహా లెక్క రాశారు. ఆ లెక్కలో మీరు మాత్రం లేరు. పిల్లలు పడుకునే వేళ, పని ముగిసే వేళ మాటవరసకు చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే జతకు రెండున్నర గంటలు పడుతుందని నాకు తెలిసేదే కాదు. ముందు తేల్చుకోవలసింది అదే. మిగతావాటిలో సగం దాంతోపాటే తేలిపోతాయి.

బొటిక్ వాళ్ల 120లో సామాను 45 తీసేయండి. 75 మిగిలింది. రెండున్నర గంటలకు 75 అంటే గంటకు 30 రూపాయలు. ఇక మీ వారి ఆలోచన. ఊళ్లో అల్లే ఆవిడకు 40 అంటే గంటకు 16. సామాను 45, ఆవిడకు 40 పోగా మీకు మిగిలేది 35, కొట్టుకు 530. ఒక్క జత బుట్టల్లో ఎవరి వాటా ఎంతో కాగితం మీద పక్కపక్కనే రాసి చూసుకోండి. ఇందులో బిజినెస్ అన్నది ఎవరికో కనిపిస్తూనే ఉంది.

మీ లెక్కలో గంటలు లేకపోవడం మీ పొరపాటు కాదు. లేసు పని మీ వైపుకు వచ్చినప్పటి నుంచీ ఆ లెక్క ఎవరూ వేయలేదు. 1844 ప్రాంతంలో మిషనరీల చేతుల మీదుగా గోదావరి జిల్లాల్లోకి వచ్చిన పని ఇది. తర్వాత నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఇంటింటికీ పాకి, ఓడలెక్కి దేశదేశాలకు పోయింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1970ల చివర్లో నరసాపురం వచ్చి, ఆ లేసు అల్లే ఆడవాళ్ల మీద 1982లో ఒక పుస్తకమే రాశారు. ఆవిడ పట్టుకున్న సంగతి ఒక్కటే: అంతర్జాతీయ బజారుకు సరుకు తయారుచేస్తున్న ఈ మనుషులను ఎవరూ పనివాళ్లుగా లెక్కపెట్టడం లేదు. ఇంట్లో ఊరికే కూర్చునే ఆడవాళ్లు తీరిక వేళ చేసుకునే పని అంటారు. తీరిక వేళ చేసే పనికి కూలేమిటి అంటారు. మీ వారి నోట వచ్చిన "టైంపాస్" కూడా ఆ పాత మాటే. ఆయన చెడ్డవారని అనడం లేదు. అందరి నోటా నలిగిన మాటే ఆయన నోటా వచ్చింది.

ఇంకో సంగతి మీకు తెలిసే ఉంటుంది, మీ కస్టమర్లకు తెలియదు. స్వెటర్లు అల్లే మెషీన్లు ఉన్నాయి, ఎంబ్రాయిడరీ మెషీన్లు ఉన్నాయి, మగ్గం వర్కుకు కూడా కంప్యూటర్ నకళ్లు వచ్చేశాయి. క్రోషేను, అంటే మీరు కొక్కెం సూదితో అల్లే ఈ లేసును, అల్లే మెషీను మాత్రం ఇప్పటికీ బజారులో లేదు. పైకి అలా కనిపించే మెషీను లేసు దొరుకుతుంది, దాని అల్లిక వేరు. సూదితో ఒక్కో ముడీ లాగిన అసలు క్రోషే ఎక్కడ కనబడినా, ఎంత చవగ్గా దొరికినా, అది ఎవరో కూర్చుని చేత్తో అల్లిందే. మాల్‌లో 199 రూపాయలకు క్రోషే టాప్ దొరికిందని మురిసిపోయేవాళ్లకు ఇది చెప్పాలనిపిస్తుంది నాకు. చెప్పినా వింటారని నమ్మకం లేదనుకోండి.

ఇక ధర. నేను పదిహేనేళ్లు చున్నీల మీద, జాకెట్టు గుడ్డల మీద చేత్తో బొమ్మలు వేసి అమ్మినదాన్ని. మొదటి ఆరేళ్లు మీలాగే రంగుల డబ్బాకెంత, గుడ్డకెంత అని కూడి, పైన ఏదో తోచింది వేసేదాన్ని. ఏడో ఏట ఒక కొట్టువాళ్లు 30 చున్నీలు అమ్మి పెడతామని తీసుకెళ్లి, ఎనిమిది నెలల తర్వాత 11 వెనక్కిచ్చారు. అద్దాల బీరువాలో ఎండ తగిలి, మడత పడిన చోటల్లా రంగు వెలిసిపోయి ఉన్నాయి. ఆ రాత్రి కూర్చుని లెక్క వేస్తే, మా వీధి చివర ఇస్త్రీ బండి అతనికి గంటకు నాకన్నా ఎక్కువ మిగులుతోందని తేలింది. అతని మీద అసూయ కలగలేదు. నా మీద నాకే కోపం వచ్చింది.

మీ గంటకు 100 అని పెట్టుకోండి. ఈ అంకె ఏ శాస్త్రంలోనూ లేదు. ఇంతకన్నా కిందికి దిగనని మీకు మీరు గీసుకునే గీత, అంతే. చెయ్యి తిరిగినకొద్దీ పెంచుకోవచ్చు. రెండున్నర గంటలకు 250. ఫోటోలు తీయడం, "రేటెంత అక్కా" అన్నవాళ్లకి జవాబులివ్వడం, ప్యాకింగ్, కొరియర్ ఆఫీసుకు వెళ్లిరావడం కూడా పనే. వాటికి అరగంట, 50. సామాను 65 వేస్తున్నాను, 45 కాదు. ఎందుకో తర్వాత చెబుతాను. విప్పి మళ్లీ అల్లినవి, పాడైనవి, సూదులు, దీపం కింద 15. మొత్తం 380. ఇది మీకు పడే ఖరీదు. దాన్ని ఇప్పటిలా 250కే అమ్మితే, ఒక్కో జతకు కొన్నవాళ్ల చేతిలో మీరే ఎదురు 130 పెట్టినట్టన్నమాట.

కొట్టువాళ్లు సగం తీసుకోవడం దోపిడీ అనుకోకండి. అద్దె, కరెంటు, జీతాలు, అమ్ముడుపోని సరుకు అన్నీ వాళ్ల నెత్తిన ఉంటాయి. 650కి అమ్మే వస్తువుకు మీకు 325 వస్తే నేను తప్పు పట్టను. తప్పల్లా 120లో ఉంది. 325కీ మీ 380కీ మధ్య కొంచెం దూరమే ఉందని గమనించారా? ఆ దూరం తగ్గించడానికి గంట రేటు జోలికి పోకండి, డిజైను జోలికి పోండి. బుట్ట కింద మూడు వరసల పూసలు ఉన్నాయనుకుందాం, ఒక వరస తీసేయండి. పైన రెక్కలు తొమ్మిదయితే ఏడు చేయండి. జత రెండు గంటల్లో అవ్వాలి. అప్పుడు అల్లికకు 200. కొట్టుకు ఒకేసారి ఇస్తారు గనక ఫోటోలు, మెసేజ్‌ల బెడద తక్కువ, దానికి 25 చాలు. సామాను 65, తరుగు 15. మొత్తం 305. 325కి ఇస్తే మీరు మునగరు.

ఎన్ని జతలు అన్నది కూడా గంటలే చెబుతాయి. మీకు రోజుకు దొరికేది ఆ రెండున్నర గంటలే. జతకు రెండు గంటలనుకున్నా 50 జతలకు 100 గంటలు, అంటే 40 రాత్రులు. వాళ్లిచ్చింది 21 రాత్రులు. పిల్లల జ్వరాలు, చుట్టాలు, మీ నిద్ర, ఏవీ కలపకుండానే. కాబట్టి వాళ్లకు ఇలా చెప్పండి: "20 జతలు ఇస్తానండి, జతకు 325. సగం ముందు, సగం సరుకు అందిన రోజున." అమ్ముడయ్యాకే డబ్బంటే ఎన్ని జతలు, ఏ తేదీలోగా, పాడైతే ఎవరిది నష్టం అన్నవి కాగితం మీద రాయించుకుని ఐదు జతలే ఇవ్వండి. నా చున్నీలకు ఆ కాగితం లేదు. వాళ్లు కుదరదంటే కుదరదు. 120కి వాళ్లకు ఇంకొకరు దొరుకుతారు, అది మీ చేతిలో లేదు. ఇంకోమాట, కొట్టులో 650 ఉన్న బుట్టలు మీ పేజీలో 250కి కనబడకూడదు. మీ ధర కూడా ఆ పక్కకే చేరాలి. ఒక్కసారిగా భయమైతే కొత్త డిజైన్లకు కొత్త ధర పెట్టి, పాతవాటిని మెల్లగా ఆపేయండి.

బుట్టలే ఎందుకు అన్నది నా అనుమానం. దారంతో పూలజడ అల్లి చూశారా? పెళ్లిళ్లకు, ఓణీలకు, సీమంతాలకు అసలు పూల జడ ముహూర్తాల్లో వేలల్లో పలుకుతుంది, మర్నాటికి వాడి చెత్తబుట్టలో పడుతుంది. మీరు అల్లిన మల్లెమొగ్గ, కనకాంబరం, మరువపు రెమ్మ తరం పాటు ఉంటాయి. ఇరవై గంటల పనే అయినా, దానికి 3000 అంటే బేరమాడే చెయ్యి వేరు, కొనే చెయ్యి వేరు. 45 రూపాయల దారం అనిపించేది చిన్న వస్తువును చూసినప్పుడే. ఎదురుగా నిలువెత్తు జడ వేలాడుతుంటే దారం గుర్తుకు రాదు.

ఇప్పుడు ఊళ్లో ఆడవాళ్ల సంగతి. మీ వారి ఆలోచనలో పని ఊరికి పంపడం అనేది తప్పు కాదు. నిజానికి మంచి ఆలోచన. తప్పు 40లో ఉంది. మీరు 325కి ఒప్పందం కుదుర్చుకుంటే అల్లే ఆవిడకు 200 ఇచ్చి, సామాను 65 పోగా మీకు 60 మిగులుతుంది. డిజైను మీది, చూసి సరిదిద్దడం మీది, తెచ్చి ఇవ్వడం మీది కనుక ఆ 60 న్యాయంగా వచ్చిందే. కానీ జతకింత అని ఫోన్లో చెప్పేయకండి. మొదట మీరే వెళ్లి, ముగ్గురిని కూర్చోబెట్టి, ఆ డిజైను వాళ్ల చేత అల్లించి గడియారం చూడండి. మీ చేతికి రెండు గంటలు పట్టింది కొత్త చేతికి మూడు పట్టొచ్చు. మూడు పడితే మూడింటికీ ఇవ్వాలి. లేదా ఆ డిజైను ఊరికి పంపకూడదు. మీరు చెప్పడంలో పొరపాటు వల్ల పీస్ పాడైతే కూలి ఎగ్గొట్టకూడదు. డబ్బాలో పెట్టే చీటీ మీద అల్లినవారి పేరు వేయండి, వాళ్లకు ఇష్టమైతేనే.

ఆ చీటీ మీద "నరసాపురం లేసు" అని రాసేద్దామన్న ఆశ పుడుతుంది. ఆగండి. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఆ పేరు వాడుకునే హక్కు ఆ ప్రాంతంలో తయారుచేస్తూ, అధీకృత వినియోగదారుగా నమోదైనవారిది. నిజాంపేట ఫ్లాట్‌లో మీరు అల్లింది, మీ అమ్మగారి చేతి పనితనమే అయినా, ఆ పేరుతో అమ్మకూడదు. "మా అమ్మ దగ్గర నేర్చుకున్న లేసు అల్లిక" అని రాయండి. అది నిజం, వినడానికీ బాగుంది. ఊళ్లో అల్లించే పని నిలదొక్కుకుంటే అప్పుడు వాళ్ల తరఫున నమోదు సంగతి చూడొచ్చు. నరసాపురం దగ్గర సీతారాంపురంలో లేసు పార్కు ఉంది కదా, అక్కడ అడిగితే దారి చెబుతారు. కేంద్ర హస్తకళల విభాగం చేతిపనివాళ్లకు ఇచ్చే గుర్తింపు కార్డు, పహచాన్ కార్డు కూడా మీరూ, ఊళ్లోవాళ్లూ అడిగి తీసుకోవలసిందే. ప్రభుత్వ మేళాల్లో స్టాలు కావాలంటే ముందు అడిగేది అదే. చేతివృత్తులవాళ్ల కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ గురించి మాత్రం ఎవరైనా చెబితే ఆశ పెట్టుకోకండి. 2023లో మొదలైన ఆ పథకంలో 18 వృత్తులున్నాయి. పూలదండలు కట్టేవాళ్లున్నారు, చేపల వలలు అల్లేవాళ్లున్నారు, లేసు అల్లేవాళ్లు లేరు. వలా దారమే, లేసూ దారమే. ఎవరు ఎవరికి కనబడతారో మరి!

డిజైన్లు దించేయడం. ఒళ్లు మండుతుంది, నిజమే. చట్టం ఉంది: డిజైన్ల చట్టం, 2000 కింద నమోదు చేసుకుంటే పదేళ్లు, తర్వాత ఇంకో ఐదేళ్లు ఆ రూపం మీద హక్కు మీదే. కానీ నమోదుకు ముందు ఆ డిజైను బయటపడి ఉండకూడదు. మీరు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన రోజే ఆ పాత డిజైన్లకు తలుపు మూసుకుపోయింది. ఇకముందు బాగా ప్రాణం పెట్టి చేసింది ఏదైనా ఉంటే, పూలజడలాంటిది, పోస్టు పెట్టకముందే దరఖాస్తు చేయండి. ప్రతి చెవి బుట్టకూ ఆ ఖర్చు, ఆ తిరుగుడు అక్కర్లేదని నా అభిప్రాయం. మీ ఫోటోలనే ఎత్తి వాళ్ల పేజీలో పెట్టుకుంటే మాత్రం ఊరుకోవద్దు. ఫోటో మీది, అందులో సందేహం లేదు, ఫిర్యాదు చేస్తే తీసేస్తారు. మిగతాదానికి నాకు తెలిసిన మందు ఒకటే: చేతులు కనబడేలా అల్లుతున్న వీడియోలు పెట్టండి. దించేవాళ్లు బుట్టను దించగలరు గాని మీ చేతుల్ని దించలేరు.

చెవి దురద విషయం ఇంతసేపు వెనక్కి నెట్టానుగానీ, మీరు ఈరోజే చేయవలసింది అదే. చవక కొక్కేల్లో నికెల్ ఉంటుంది, కొందరి ఒంటికి అది పడదు. చెవి ఎర్రబడి, నీరు కూడా కారుతుంది. ఆవిడకు క్షమాపణ చెప్పి, నికెల్ లేని కొక్కేలు వేసిన కొత్త జత పంపండి. లేదా వెండివి. 8 రూపాయల కొక్కెం ఇక వద్దు, 28 పెట్టండి. 45 కాస్తా 65 అయింది ఇందుకే. పనిలో పని, ఎర్ర దారం, మెరూన్ దారం కొన్నప్పుడు తడిపిన తెల్లగుడ్డ మీద గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటితే ఆ దారం ఎంత బాగున్నా వద్దు, చెమటకు మెడ మీద గీతలు పడతాయి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు కుదురుకుంటుందని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. బుట్టలు నిటారుగా నిలవడానికి గంజి పెడుతుంటే వానాకాలం మెత్తబడతాయి, చీమలు కూడా వస్తాయి. బట్టలు బిరుసెక్కించే ద్రావణం దొరుకుతుంది, అది వాడండి.

పన్నుల భయం ఇప్పటికి వద్దు. తెలంగాణలో సరుకు అమ్మేవాళ్లకు ఏడాది అమ్మకం 20 లక్షలు దాటేవరకూ జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పక్క రాష్ట్రాలకు పంపేటప్పుడు నియమాలు వేరు, చేతిపని వస్తువులకు సడలింపులున్నాయి. దీపావళి ఆర్డర్లు ముదిరేలోగా ఒక ఆడిటర్‌తో అరగంట మాట్లాడండి.

ఆడపడుచు. దీనికి చట్టాలేవీ పనిచేయవు. 12 జతలంటే 30 గంటలు, అంటే మీ 12 రాత్రులు. "దారం డబ్బులు వద్దు వదినా. అమ్మాయికి నేనే మేనత్తలా ముచ్చటపడి ఒక మంచి సెట్టు అల్లి ఇస్తాను, బుట్టలు, మెడ పట్టీ, జడకు కుచ్చులు. రిటర్న్ గిఫ్టులకైతే చిన్న క్లిప్పులున్నాయి, ఒక్కోటి 90, మనవాళ్లం కాబట్టి 80కి చేస్తాను" అనండి. ఇచ్చేది పూర్తిగా ఇవ్వాలి, అమ్మేది పూర్తిగా అమ్మాలి. రెండూ కలిపితే ఇచ్చినట్టూ ఉండదు, అమ్మినట్టూ ఉండదు, మనసులో మాత్రం ఏళ్ల తరబడి ఉంటుంది. ఆవిడ ఒక పూట మూతి ముడుచుకుంటుంది. ఫంక్షన్ రోజున అమ్మాయి జడ చూసి నలుగురూ అడిగితే మీ నంబరు ఇచ్చేది కూడా ఆవిడే.

మీ వారికి నేను పాఠం చెప్పను. వచ్చే ఆదివారం ఒక జత మొదలుపెట్టేటప్పుడు ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కి ఆయన పక్కన పెట్టండి. మధ్యలో లేచి పాలు కాచి వచ్చినప్పుడు ఆపమనండి, మళ్లీ కూర్చున్నప్పుడు నొక్కమనండి. చివరకు ఎంతైందో ఆయన్నే చదవమనండి.

అమ్మ ఏమీ మాట్లాడలేదని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. జతకు 40కి అల్లే ఆడవాళ్లెవరో ఆవిడకు బాగా తెలుసు. ఎన్నో ఏళ్లు ఆవిడే ఆ వరసలో కూర్చున్నారు, ఏజెంటు తక్కెడ ముందు. ఇప్పుడు కూతురే ఆ తక్కెడ పట్టుకుని వస్తానంటే ఏం చెబుతారు? మళ్లీ ఫోన్ చేసి, ఈసారి గంటకు 100 అనండి. చీటీ మీద పేర్లు వేస్తానన్న మాట కూడా చెప్పండి. ఎవరెవరి చేతి అల్లిక బిగువుగా వస్తుందో, ఎవరికి చూపు ఆనడం లేదో, ఎవరింట్లో ఇద్దరు కూర్చోగలరో ఆవిడ వరసపెట్టి చెబుతారని నాకనిపిస్తోంది. పెన్నూ కాగితం పక్కన పెట్టుకునే ఫోన్ చేయండి.